టార్నీట్ కిండర్లలో విడి వస్తువులతో ఆట

టార్నీట్ ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరానికి పడమరన, సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న శివారు. 2015లో రైల్వే స్టేషన్ వచ్చింది. 2021 జనగణన నాటికి జనాభా 56 వేలు దాటింది. తెలుగువారితో సహా భారతీయ కుటుంబాలు ఇక్కడ ఎక్కువ. బడికి ముందు పిల్లలు వెళ్లేచోటును అందరూ ‘కిండర్’ అంటారు. అక్కడ అక్షరాలు దిద్దించడం కన్నా చెక్కదిమ్మలు, గుడ్డపీలికలు, అట్టపెట్టెలు, ఇసుకతో ఆటకే పెద్దపీట.

ఈ పద్ధతికి మూలపురుషుడు జర్మనీకి చెందిన ఫ్రోబెల్. 1837లో చిన్నపిల్లల ఆట కోసం సంస్థ పెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరిచ్చాడు. ఆయన ఇచ్చిన ఉన్ని బంతులు, చెక్క ఘనాలను ఏ వరసలో వాడాలో కూడా ఆయనే చెప్పాడు కాబట్టి, అందులో పిల్లల సొంత ఊహకు చోటు కొంతే. ఆ కట్టు తెంచినవారు తర్వాతివారు. 1943లో కోపెన్‌హాగన్ దగ్గర ఎమ్‌డ్రప్‌లో పాత సామానుతో ఆటస్థలం వెలిసింది. 1971లో కళాకారుడు సైమన్ నికల్సన్ ‘విడి భాగాల సిద్ధాంతం’ ప్రకటించాడు. చుట్టూ మార్చుకోదగ్గ వస్తువులు ఎన్ని, ఎన్ని రకాలుగా ఉంటే పిల్లల సృజన అంత పెరుగుతుందన్నది ఆయన వాదన. కట్టడంలోని సరదా అంతా పెద్దలే అనుభవించి, తయారైన సరుకు పిల్లలకు ఇస్తున్నారని నిష్ఠూరమాడాడు. నేటి బొమ్మల అంగళ్లు చూస్తే ఆ మాట ఇప్పటికీ తగులుతుంది.

మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో ఉచిత కిండర్‌గార్టెన్ల సంఘం 1908లో ఏర్పడింది. 2009 నాటి జాతీయ పాఠ్య చట్రం, సహజ వస్తువులతోనూ తయారైన వస్తువులతోనూ పిల్లలు తామే నేర్చుకోవాలని చెప్పింది. 2022 నుంచి రాష్ట్రమంతటా మూడేళ్ల పిల్లలకూ వారానికి కనీసం 5 గంటల కిండర్ అందుబాటులోకి వచ్చింది. 2023లో ఉచిత కిండర్ పథకం మొదలైంది.

ఇలాంటి కిండర్ల పెరట్లో తరచూ ‘మట్టి వంటగది’ ఉంటుంది. పాత గిన్నెలు, గరిటెలు, ఓ నీళ్ల బకెట్టు, అంతే. ఆకులు తుంచి మట్టిలో కలిపి వడ్డిస్తారు. మన గుజ్జనగూళ్లకు ఇది సాక్షాత్తూ చుట్టమే. అయినా, సాయంత్రం బట్టలకంటిన బురద చూసి “ఈ రోజు ఏం నేర్చుకున్నావ్?” అని అడిగే తల్లిదండ్రులకు ఆ చుట్టరికం గుర్తురాదు. టీచరు మాత్రం గిన్నె నిండేదాకా ఎన్ని గరిటెలు పట్టాయో, వంతు కోసం ఎవరు ఆగారో రాసుకుంటుంది.

మూడేళ్లలోపు వారికి గొంతులో ఇరుక్కునే చిన్న ముక్కలు ఇవ్వరు. పెద్ద పిల్లల లెక్కల ఆటకని ఇండియా నుంచి చింతపిక్కలు తెచ్చేవారు వాటిని విమానాశ్రయంలో ప్రకటించాలి, విత్తనాలపై ఆంక్షలు గట్టివి. అందుకే ఇక్కడి పిల్లల లెక్కలకూ వంటలకూ యూకలిప్టస్ కాయలే సరుకు.