టైలింగ్స్ కట్టల భద్రత, పర్యవేక్షణ: స్తావా, బ్రుమాదిన్యో దుర్ఘటనలు - ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

గనిలో తవ్విన రాతిని పొడిచేసి, కావలసిన ఖనిజాన్ని వేరుచేసిన తరువాత మిగిలే మెత్తని బురదను టైలింగ్స్ అంటారు. దీనికి తెలుగులో స్థిరపడిన పేరు లేదు. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని కారణంగా 'టెయిలింగ్ పాండ్' అన్న మాట మాత్రం తెలుగు పత్రికల్లోకి వచ్చింది. ఈ బురదను నిలవచేసే కట్టకూ సాగునీటి ఆనకట్టకూ ముఖ్యమైన భేదం ఉంది. సాగునీటి ఆనకట్ట నిర్మాణం పూర్తయ్యాక వాడుకలోకి వస్తుంది. టైలింగ్స్ కట్ట గని నడిచినంతకాలం ఎత్తు పెరుగుతూనే ఉంటుంది. పైగా అది ఆదాయం తెచ్చేది కాదు. యజమాని లెక్కల్లో అది కేవలం వ్యయం, గని మూతపడినా ఆగని వ్యయం. అటువంటి కట్ట భద్రంగా ఉన్నదని ఎవరు నిర్ధారించారు, ఎవరి మాటను ఆధారం చేసుకొని నిర్ధారించారు అన్న ప్రశ్న ఇటలీలోని స్తావా (1985), బ్రెజిల్‌లోని బ్రుమాదిన్యో (2019) దుర్ఘటనలు రెండింటిలోనూ కీలకమైనది.

స్తావా: ఒక లేఖ, దాని జవాబు

ఉత్తర ఇటలీలో త్రెంతో ప్రాంతపు పర్వతాల మధ్య తెజేరో అనే చిన్న పురపాలక గ్రామం ఉంది. దాని పైభాగాన ప్రెస్తావెల్ ఫ్లోరైట్ గని. మోంతెకాతీని సంస్థ 1961లో అక్కడి చిత్తడి నేలలో మొదటి బురద చెరువు కట్టింది. అది నిండడంతో 1969లో దానికి ఎగువన రెండవదాన్ని ప్రారంభించారు. పై కట్ట పెరిగినకొద్దీ దాని పాదభాగం కింది చెరువులోని గట్టిపడని బురదపైకి చేరింది. కట్ట వాలు దాదాపు 40 డిగ్రీలు. ఇసుక కట్టకు ఇది ప్రమాదకరమైన నిటారుతనం.

దిగువ ప్రజలకు అనుమానం రాకపోలేదు. 1974లో తెజేరో పురపాలక సంఘం ఆ కట్టల భద్రతను పరీక్షించవలసిందిగా త్రెంతో స్వపరిపాలక ప్రాంతపు గనుల కార్యాలయాన్ని కోరింది. స్తావా చరిత్రలో అన్నిటికంటె ఎక్కువగా ఆలోచింపజేసే ఘట్టం ఇదే. గనుల కార్యాలయం ఆ పరీక్షను తానుగా చేయలేదు. అప్పటి గని నిర్వాహక సంస్థ ఫ్లూయోర్మినెకే అప్పగించింది. ఎవరిమీద సందేహం వచ్చిందో వారే సందేహం తీర్చాలన్నమాట. 1975లో ముగిసిన ఆ పరిశీలన పై కట్ట వాలు అసాధారణంగా ఉన్నదనీ, స్థిరత్వం అంచున నిలిచి ఉన్నదనీ గుర్తించింది. అయినా పురపాలక సంఘానికి చేరిన జవాబు అనుకూలమైనదే. వాలు కొంత తగ్గించి, కట్టను మరింత పెంచడానికి అనుమతి లభించింది. ఒక ప్రైవేటు సంస్థ తన గురించి తాను చేసుకున్న లెక్క ప్రభుత్వ కార్యాలయం గుండా నడిచి ప్రజలకు ప్రభుత్వ హామీగా అందిన తీరు ఇది.

1978లో ఆగిన గని పనులను 1982లో ప్రెయాల్పి మినెరారియా సంస్థ తిరిగి మొదలుపెట్టింది. 1985 జనవరిలో పై కట్టలో ఒక భాగం జారింది. తరువాతి నెలల్లో కింది చెరువులోనూ లోపం బయటపడింది. మరమ్మతులు ముగించి జూలై 15న చెరువులను మళ్ళీ వాడుకలోకి తెచ్చారు. నాలుగు రోజుల తరువాత, జూలై 19 మధ్యాహ్నం 12 గంటల 22 నిమిషాలకు పై కట్ట కూలి కింది కట్టపై పడింది. రెండూ కలిసి లోయలోకి దూసుకుపోయాయి. సుమారు 1,80,000 ఘనపు మీటర్ల బురద గంటకు 90 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. వేసవి సెలవులు గడపడానికి వచ్చినవారితో నిండిన హోటళ్ళు, ఇళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. 268 మంది మరణించారు.

1992లో ముగిసిన న్యాయవిచారణలో పదిమందికి శిక్ష పడింది. వారిలో గని నిర్వాహకులే కాక, చేయవలసిన తనిఖీ చేయని గనుల కార్యాలయ అధికారులు కూడా ఉన్నారు. ఈ రెండవ అంశం మొదటిదానికంటె తక్కువ ముఖ్యమైనదేమీ కాదు.

యాజమాన్యమే కారణమా?

లోపమంతా ప్రైవేటు యాజమాన్యానిదే అనడానికి చరిత్ర అంగీకరించదు. 1966 అక్టోబరు 21న వేల్స్‌లోని అబెర్‌ఫాన్‌లో బడిమీద పడి 116 మంది పిల్లలతో సహా 144 మందిని బలిగొన్న బొగ్గు వ్యర్థాల గుట్ట ప్రభుత్వ రంగంలోని నేషనల్ కోల్ బోర్డుది. అది కట్ట కాదు, గుట్ట. కానీ అక్కడా స్థానికుల హెచ్చరికలను పక్కన పెట్టినది, ఆ గుట్టను పోసినది ఒకే సంస్థ. 1969లో బ్రిటన్ గని గుట్టలపై ప్రత్యేక చట్టం చేసింది. ప్రైవేటు గనుల విషయంలో మరో చిక్కు ఉంది. యజమానులు మారినప్పుడల్లా కట్టను గురించిన జ్ఞాపకం తెగిపోతుంది. స్తావాలో పావు శతాబ్దంలోనే గని పలు చేతులు మారింది.

బ్రుమాదిన్యో: ధ్రువపత్రాల కాలం

బ్రెజిల్‌లో చట్టం లేకపోలేదు. 2010 నాటి ఆనకట్టల భద్రతా చట్టం బాధ్యతను యజమానిపై ఉంచింది. 2017 నాటి నిబంధనలు ఏడాదికి రెండుసార్లు స్థిరత్వ ప్రకటన ఇవ్వాలన్నాయి. స్తావాలో లేనివన్నీ, అంటే వర్గీకరణ, గడువులు, పత్రాలు, ఇక్కడ ఉన్నాయి. 1976లో మొదలైన ఒకటవ నెంబరు కట్ట ఒకప్పుడు ఫెర్తెకో సంస్థది. 1997లో ప్రైవేటుపరమైన వాలె సంస్థకు 2001లో దక్కింది. పాత బురదపైనే కొత్త మెట్టు వేసుకుంటూ పోయే చవకైన అప్‌స్ట్రీమ్ పద్ధతిలో అది 86 మీటర్ల ఎత్తుకు చేరింది. 2016 నుంచి అందులో బురద పోయడం లేదు. 2018లో ట్యూఫ్ జ్యూడ్ అనే జర్మన్ సంస్థ బ్రెజిల్ విభాగం అది స్థిరంగా ఉన్నదని ధ్రువపత్రమిచ్చింది. ఆ పనికి రుసుము చెల్లించినది వాలె. 2019 జనవరి 25 మధ్యాహ్నం కట్ట ఉన్నట్టుండి ద్రవంలా మారి కూలింది. సైరన్లు మోగలేదు. దిగువనే కట్టిన సంస్థ భోజనశాల, కార్యాలయాలు బురదలో కలిసిపోయాయి. 270 మంది మరణించారు.

అంతకు మూడేళ్ళ ముందే, 2015 నవంబరు 5న, అదే రాష్ట్రంలో వాలె, బీహెచ్‌పీ సంస్థల ఉమ్మడి కంపెనీ సమార్కోకు చెందిన ఫుందావ్ కట్ట తెగి 19 మందిని చంపింది. అదీ అప్‌స్ట్రీమ్ కట్టే. ఆ పద్ధతిని దేశమంతటా నిషేధించే చట్టం మాత్రం 2020లో వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో వెలువడిన టైలింగ్స్ నిర్వహణ అంతర్జాతీయ ప్రమాణం స్వతంత్ర నిపుణుల సమీక్షను కోరింది. ఆ నిపుణులను నియమించేదీ, వారికి పారితోషికం చెల్లించేదీ గని నడిపే సంస్థే.