భర్మార్, సెట్ ట్రిగ్గర్
గొట్టం మూతి నుంచి మందు, గుండ్లు దట్టించి పేల్చే నాటు తుపాకీని ఉత్తర తెలంగాణలో భర్మార్ అంటారు. 1946–51 సాయుధ రైతాంగ పోరాటంలోనూ వీటిని వాడారు. సాధారణంగా దీనికి ఒకే ట్రిగ్గర్ ఉంటుంది. గట్టిగా లాగితే గురి చెదురుతుంది.

ఈ చిక్కును యూరప్ వేట రైఫిళ్లలో సెట్ ట్రిగ్గర్ తీర్చింది. 18వ శతాబ్దంలో జర్మన్ వలసదారుల వెంట అది పెన్సిల్వేనియా చేరింది. రెండు ట్రిగ్గర్ల రకంలో వెనకదాన్ని లాగితే లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది; ఆపై ముందుదాన్ని వేలితో తాకితే చాలు, పేలుతుంది. కనుక గురి కుదిరాకే బిగించాలి. బిగించి నడవడం ప్రాణాంతకం. లోపల గాడులు లేని భర్మార్‌కు మాత్రం ఈ ఏర్పాటు వల్ల పెద్ద లాభం లేదు.

లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, పంట తినే అడవిపందినైనా అనుమతి లేకుండా కాల్చరాదు.