తలుపు మీది కడియం

నాగార్జునసాగర్ పోయే బస్సు మిమ్మల్ని పెద్దవూరలో దించేసి వెళ్ళిపోయింది. ఎండ నడినెత్తిన ఉంది. రోడ్డు మీది దుకాణాలు దాటి పాత ఊళ్ళోకి నడవండి. సిమెంటు ఇళ్ళ మధ్య ఒక రాతిగోడల ఇల్లు, ముందు అరుగులు. అక్కడ ఆగండి.

తల వంచితే తప్ప ఆ దర్వాజలోంచి లోపలికి పోలేరు. పైకమ్మీలో గజలక్ష్మిని చెక్కారు. ఏటేటా వేసిన రంగుతో పూడిపోయి ఏనుగుల తొండాలు మాత్రమే తెలుస్తున్నాయి. కడపకు పసుపు, కుంకుమ బొట్లు. టేకు రెక్కల మీద వరసగా ఇత్తడి పూలు, పైన కొండికి తగిలించే ఇనుప గొలుసు. ఛాతీ ఎత్తులో, ఒక్కో రెక్కకు ఒక్కో కడియం. దాని కింద రేకుల పువ్వులాంటి ఇనుప బిళ్ళ.

కడియం పట్టుకోండి. ఎండకు చుర్రుమంటుంది. చేతులు పడీ పడీ అడుగుభాగం నున్నగా అరిగింది. అది తగిలే చోట బిళ్ళ మీద చిన్న గుంట పడింది. తలుపు బయటినుంచి లాగి మూయడానికీ, ఇంట్లోవాళ్ళను పిలవడానికీ అదే. ఇప్పుడు రెండుసార్లు కొట్టండి. ఇనుము మోత ఒక్క క్షణమే. ఆ దెబ్బను మందపాటి టేకుచెక్క అందుకొని వెనక అర్రల దాకా మోసుకుపోతుంది.

"ఎవ్వరదీ? దర్వాజ దగ్గరికే ఏసుంది, నూకు బిడ్డా. కాళ్ళు కడుక్కొని రా!"

ముసలమ్మ గొంతు అది. లోపల చల్లగా ఉంది, కాళ్ళ కింద నాపరాళ్ళు. గ్లాసుతో మంచినీళ్ళు అందిస్తూ ఆమె చెబుతుంది: పగలు ఈ తలుపు ఎవరు కొట్టారు గనక? అరుగు మీంచే "అత్తా", "వదినా" అని పిలిచేవాళ్ళు. కడియం మోగేది రాత్రులే. కాన్పు నొప్పులనో, పాము కరిచిందనో, ఎవరో పోయారనో. కొట్టిన తీరును బట్టే ఏ కబురో సగం తెలిసిపోయేదట.

ఈ మాట విన్నాక వెనిస్ తలుపుల మీది కంచు సింహాలూ సముద్రదేవుళ్ళూ నాకు ఇంకోలా కనిపిస్తారు. అక్కడ తలుపు ముందుగా ఇంటివారి హోదా చెబుతుంది. ఇరాన్‌లోని యజ్ద్‌లో పాత తలుపులకు మగవాళ్ళు తట్టేందుకు బరువైన కడ్డీ, ఆడవాళ్ళకు సన్నని కడియం వేరుగా ఉంటాయి. చప్పుడు వింటేనే ఎవరు ఎదురు వెళ్ళాలో తెలుస్తుంది. మన గోల్కొండలో అయితే తలుపే అక్కర్లేదు. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే సుమారు కిలోమీటరు దూరంలో, కొండ మీది బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది.

నా మనసులో అన్నిటికంటే నిలిచింది ఇంగ్లండ్‌లోని డర్హమ్ కెథడ్రల్ తలుపు. 12వ శతాబ్దంలో పోతపోసిన కంచు మృగముఖం, దాని నోట్లో కడియం. నేరం చేసి పారిపోయి వచ్చినవాడు దాన్ని తడితే 37 రోజులు అభయం దొరికేది. అసలుది ఇప్పుడు కెథడ్రల్ మ్యూజియంలో భద్రంగా ఉంది, తలుపుకు నకలు బిగించారు. పెద్దవూర కడియానికి అంత పనితనం లేదు. కానీ అర్ధరాత్రి ఆపదలో ఉన్న మనిషి చెయ్యి దీని మీదా అలాగే పడింది.

పాత తలుపులు కొనేవాళ్ళు ఈ వీధికీ వచ్చి పోతున్నారు. చెక్కడం ఉన్న దర్వాజకు బేరం ఆడతారు. కడియాలు, గొలుసులు మాత్రం పాత ఇనుము కింద తూకానికి పోతాయి. అదే నాకు బాధ.

మీ తాతల ఇల్లు విప్పుతున్నారా? టేకు అమ్ముకోండి, తప్పులేదు. కడియం మాత్రం బిళ్ళతో సహా విప్పి మీ కొత్త తలుపుకు బిగించండి. దానికి పెద్ద ఖర్చు కాదు, ఊళ్ళోని వడ్రంగి ఒక పూటలో చేసిపెడతాడు.