వైడ్ యాంగిల్ లెన్సుల్లో మూలల చీకటి

ఫోటో మధ్యలో ఉన్నంత వెలుగు అంచుల్లో లేక నాలుగు మూలలూ మసకబారడాన్ని ఫోటోగ్రాఫర్లు వినెటింగ్ అంటారు. ఇందులో కొంత జ్యామితి చేసే పని. కిరణం లెన్సు అక్షానికి ఎంత కోణంలో వస్తే, ఆ కోణపు కొసైన్ నాలుగో ఘాతం మేరకే వెలుగు మిగులుతుంది. అంటే 45 డిగ్రీల దగ్గర నాలుగో వంతు, 60 దగ్గర పదహారో వంతు. మిగతాది లెన్సు గొట్టం పని: అపర్చర్ పూర్తిగా తెరిచినప్పుడు ఏటవాలు కిరణాలకు ఆ గొట్టం అంచులు అడ్డొస్తాయి. అపర్చర్‌ను రెండు స్టాపులు తగ్గిస్తే ఈ రెండో రకం చాలావరకు పోతుంది. మొదటిది పోదు.

1900లో బెర్లిన్‌లోని గోయెర్జ్ సంస్థకు ఎమిల్ ఫాన్ హోగ్ రూపొందించిన హైపర్‌గాన్ లెన్సు దాదాపు 135 డిగ్రీల దృశ్యాన్ని పట్టేది. లెక్క ప్రకారం దాని మూలకు చేరే వెలుగు మధ్యలో పడేదానిలో సుమారు 47వ వంతు! అందుకని లెన్సు ముందు నక్షత్రాకారపు చిన్న రేకు అమర్చారు. రబ్బరు బుడ్డి నొక్కితే వచ్చే గాలికి అది గిరగిరా తిరుగుతూ మధ్య కాంతిని ఎక్కువగా, అంచుల కాంతిని తక్కువగా ఆపేది. ఎక్స్‌పోజర్‌లో ఎక్కువ భాగం అలా గడిచాక రేకును పక్కకు వాల్చి, మిగిలిన కాసేపట్లో మధ్యభాగాన్ని పూర్తిచేసేవారు. ఈ చరిత్ర మొత్తంలో ఇంత అందమైన ఉపాయం మరొకటి లేదు. కాకపోతే భవనాలకు పనికొచ్చింది గానీ కదిలే మనుషులకు కాదు.

సోవియట్ రూపకర్త మిఖాయిల్ రుసినోవ్ 1946 నాటి డిజైన్‌లో లెన్సుకు రెండు చివర్లా బాగా వంగిన పుటాకార అద్దాలు పెట్టాడు. పక్కనుంచి చూస్తే అపర్చర్ పెద్దదిగా కనిపించడంతో మూలలకు వెలుగు పెరిగింది. 1950లో ఫ్రాన్స్‌కు చెందిన ఆంజెన్యూ తెచ్చిన రెట్రోఫోకస్ లెన్సు అసలు ఉద్దేశం, లెన్సును ఫిల్ముకు దూరంగా ఉంచి ఎస్ఎల్ఆర్ కెమెరాలో కదిలే అద్దానికి చోటివ్వడమే. అయితే ఆ అమరికలో కిరణాలు ఫిల్ముపై నిటారుగా పడతాయి గనుక మూలలకూ మేలు జరిగింది.

జూమ్ లెన్సుల్లో చిక్కు ఎక్కువ. ఫోకల్ లెంగ్త్ మారినప్పుడల్లా లోపలి అద్దాలు జరుగుతాయి, చీకటీ మారుతుంది. వెడల్పు కొసన, అపర్చర్ పూర్తిగా తెరిచినప్పుడు అది బాగా బయటపడుతుంది. ముందు అద్దం పెద్దదైతే ఏటవాలు కిరణాలకు దారి దొరుకుతుంది, బరువూ ధరా పెరుగుతాయి. 2001 నాటి కెనాన్ 16-35 ఎఫ్/2.8కు 77 మి.మీ. ఫిల్టర్ సరిపోయేది. 2007లో వచ్చిన రెండో రూపానికి 82 మి.మీ. కావాల్సి వచ్చింది. అదే ఏడాది వచ్చిన నికాన్ 14-24కైతే ముందు అద్దం ఎంత ఉబ్బెత్తుగా ఉందంటే, మామూలు మరల ఫిల్టర్ బిగించే వీలే లేదు.

లెన్సులో మిగిలిపోయిన చీకటిని సాఫ్ట్‌వేర్‌తోనూ దిద్దవచ్చు. 2008లో కెనాన్ ఈఓఎస్ 50డి ఈ దిద్దుబాటును కెమెరాలోనే చేసింది. రెండు స్టాపుల చీకటిని సరిచేయడమంటే మూలను నాలుగు రెట్లు ప్రకాశవంతం చేయడం. ఐఎస్ఓ 1600లో తీసిన రాత్రి ఆకాశం మూలల్లో 6400 స్థాయి నాయిస్ చూపిస్తుంది. నక్షత్రాలు తీసేవారికి ఇది నిజమైన నష్టం. 2021 నాటి కెనాన్ ఆర్ఎఫ్ 14-35 ఎఫ్/4లో దిద్దుబాటు లెన్సు డిజైన్‌లోనే భాగమైంది: 14 మి.మీ. దగ్గర తీసిన రా ఫైలును దిద్దుబాటు ప్రొఫైల్ లేకుండా తెరిస్తే మూలలు నల్లగా కనిపిస్తాయి. బొమ్మను సాగదీసి, ఆ నలుపును ఫ్రేము బయటికి నెట్టేది సాఫ్ట్‌వేరే.