వడ్రంగి బల్ల పుట్టుపూర్వోత్తరాలు

మన ఊళ్లలో పాతకాలం వడ్రంగి బల్ల లేకుండానే పని చేశాడు. నేల మీద కూర్చుని, చెక్కను ఒక మొద్దుకు ఆనించి, అరికాలితో అదిమిపట్టి బాడితతో చెక్కేవాడు. రంపం కోసేటప్పుడు మడమ, బొటనవేలు పట్టు ఇచ్చేవి. ఉలి దెబ్బకు చెక్క జరగకుండా ఒంటి బరువు కాచేది. నాగళ్లు, బండి చక్రాలు, ద్వారబంధాలు, ఉయ్యాల బల్లలు ఇలా నేల మీదే తయారయ్యాయి. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేసేవారిలో ఇప్పటికీ కింద కూర్చుని చెక్కేవారు ఉన్నారు. అందుకే వడ్రంగి బల్ల కథను ఆ అరికాలి నుంచి మొదలుపెడుతున్నాను. పనిముట్టు చెక్క మీద సరిగా నడవాలంటే చెక్క కదలకూడదు. దాన్ని కదలనివ్వకుండా మనిషి పన్నిన ఉపాయాలన్నీ ఒకచోట చేరితే బల్ల అయింది.

ఇంట్లో చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నవాళ్లు ఈ కథ తెలుసుకుంటే డబ్బు మిగులుతుంది. చిత్రిక పడుతుంటే పలక జారిపోతోందనీ, రంపం కోస్తుంటే బల్ల ఊగుతోందనీ విసిగిపోయి చాలామంది కొత్త బల్ల ధరలు వాకబు చేస్తారు. వాళ్ల దగ్గరున్న బల్లలో లేనివి సాధారణంగా రెండే: బరువు, పట్టు. ఆ రెండింటినీ తక్కువ ఖర్చుతో తెచ్చుకోవడం ఎలాగో రెండు వేల ఏళ్లుగా పేద వడ్రంగులు చేసి చూపించారు.

ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం క్రీ.శ. 79లో బద్దలై హెర్క్యులేనియం పట్టణాన్ని పూడ్చేసింది. అక్కడి ఒక గోడ మీద వడ్రంగి పని బొమ్మ ఉండేది. 18వ శతాబ్దంలో దానికి నకలు గీసి అచ్చు వేయబట్టి మనకు తెలిసింది. రెక్కలున్న ఇద్దరు పిల్లలు పొట్టి బల్ల దగ్గర రంపం పట్టుకుని పలక కోస్తుంటారు. బల్లకు రంధ్రాలున్నాయి. ఒక రంధ్రంలో వంకర తిరిగిన ఇనుప కడ్డీ దిగి ఉంది. ఇంగ్లిషువాళ్లు హోల్డ్‌ఫాస్ట్ అనే ఆ కడ్డీ ఇప్పటికీ వాడుకలో ఉంది. ఆకారం కూడా పెద్దగా మారలేదు.

జర్మనీలో జాల్‌బుర్గ్ అనే రోమన్ కోట ఉంది. అక్కడి బావిలో రెండో శతాబ్దపు పనిబల్లలు దొరికాయి. నీటి అడుగున గాలి తగలక ఆ చెక్క ఇన్ని శతాబ్దాలు నిలిచింది. మోకాలి ఎత్తు బల్ల, పక్కలకు చాచిన కాళ్లు, పైన రంధ్రాలు. అంతే. వడ్రంగి దాని మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుని పని చేయవచ్చు. తన బరువే బల్లకు బరువు, తన తొడే పలకకు పట్టు. మన వడ్రంగి నేల మీద చేసిన పనినే రోమన్ వడ్రంగి మూరెడు పైకెత్తి చేశాడు. దాన్ని వెనుకబాటు అనుకోకూడదు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో జానెడు జాగా ఉన్నవాళ్లకు ఈ రోజుకీ ఇంతకంటే చవకైన బల్ల లేదు. ఒక మందపాటి దిమ్మె, నాలుగు కాళ్లు ఉంటే చాలు. పని అయ్యాక దాని మీదే కూర్చుని టీ తాగవచ్చు.

హోల్డ్‌ఫాస్ట్ పనితీరు చూస్తే ముచ్చటేస్తుంది. కడ్డీ కంటే రంధ్రం కొంచెం వదులుగా ఉంటుంది. కడ్డీని అందులో దించి నెత్తిన సుత్తితో కొడితే అది ఓరగా వాలి, రంధ్రంలో పైన ఒక గోడకూ కింద ఎదుటి గోడకూ బిగుసుకుంటుంది. వంకర కొస పలకను అదుముతుంది. తీయాలంటే వెనకవైపు ఒక్క దెబ్బ చాలు. మరలు లేవు, స్ప్రింగులు లేవు. కమ్మరి ఎవరైనా దీన్ని కొలిమిలో వంచి ఇవ్వగలడు. కావలసిందల్లా బల్ల పైపలక తగినంత మందంగా ఉండటం. 18 మి.మీ. ప్లైవుడ్‌లో కడ్డీ నిలవదు. రంధ్రం ఉన్నచోట కింద గట్టి చెక్క దిమ్మ అతికిస్తే నిలుస్తుంది.

రోమన్లకు మర తెలియక కాదు. ద్రాక్ష, ఆలివ్ గానుగల్లో మరలు వాడటం గురించి ప్లినీ మొదటి శతాబ్దంలోనే రాశాడు. కానీ ఆ మర వడ్రంగి బల్ల మీదికి రావడానికి శతాబ్దాలు పట్టింది. బెల్జియం ప్రాంతంలో 15వ శతాబ్దం తొలి భాగంలో గీసిన ఒక క్రైస్తవ చిత్రపటం ఇప్పుడు న్యూయార్క్ మ్యూజియంలో ఉంది. దాని కుడి పలక మీద బైబిల్‌లోని వడ్రంగి జోసెఫ్ కూర్చుని చెక్కకు బెజ్జాలు వేస్తుంటాడు. ఎదురుగా బల్ల మీద పనిముట్లు పరిచి ఉంటాయి. చెక్కను బిగించి పట్టే వైస్ ఎక్కడా లేదు. 1505లో నురెంబర్గ్‌కు చెందిన మార్టిన్ లోఫెల్‌హోల్జ్ పనిముట్ల బొమ్మలతో ఒక రాతప్రతి తయారుచేయించాడు. అందులోని బల్లకు మాత్రం మరతో బిగించే వైస్ అమరి ఉంది. అప్పటికి బల్ల నడుము ఎత్తుకు లేచింది, మనిషి దాని ముందు నిలబడ్డాడు. నిలబడ్డాక ఒంటి బరువు బల్ల మీద పడదు. ఆ లోటు తీర్చడానికి బల్ల బరువెక్కవలసి వచ్చింది. తొడ ఇచ్చిన పట్టును మర ఇవ్వవలసి వచ్చింది.

లండన్‌లో అచ్చుపనీ గ్లోబుల తయారీ చేసిన జోసెఫ్ మాక్సన్ 1678 నుంచి చేతిపనుల గురించి విడి భాగాలుగా ఒక పుస్తకం వెలువరించాడు. అందులోని బల్లకు రెండు మరల మధ్య బిగిసే చెక్క దవడ ఉంటుంది. దానికి ఇప్పుడు మాక్సన్ వైస్ అని పేరు. ఇంట్లో చేసుకోదగ్గ వైస్‌లలో నా ఓటు దీనికే. రెండు గట్టి పలకలు, హార్డ్‌వేర్ కొట్లో దొరికే మర ఉన్న పొడవాటి కడ్డీలు రెండు, నట్లు, వాషర్లు చాలు. తుమ్మ చెక్క అయితే మరీ మంచిది. బండి సామాన్లకు, నాగళ్లకు మనవాళ్లు తుమ్మను ఎంచుకున్నది ఊరికే కాదు. ఈ వైస్‌ను ఉన్న బల్ల మీద క్లాంపులతో బిగించుకుంటారు, పని అయ్యాక తీసి గోడకు తగిలిస్తారు. పలక కొసను నిలువుగా పట్టుకుని కీలు కోయడానికి దీని ముందు ఖరీదైన వైస్‌లు కూడా చాలవు.

ఈ కథలో పెద్దమనిషి ఆంద్రే జాకబ్ రూబో. పారిస్‌లో కూలి వడ్రంగిగా పని నేర్చి, 1769 నుంచి వడ్రంగం మీద మహాగ్రంథం వెలువరించాడు. అంతకుముందు వడ్రంగం గురించి రాసినవాళ్లలో ఎక్కువమంది పని చూసి రాసినవాళ్లు. రూబో చేసి రాశాడు. అందుకే ఆయన బల్లలో అలంకారం కనపడదు. 5, 6 అంగుళాల మందమున్న ఒకే దిమ్మె, 6 నుంచి 12 అడుగుల పొడవు. కాళ్లను ఆ దిమ్మెలోకి దూర్చి కీళ్లు దిగ్గొట్టారు. కాళ్ల ముందు ముఖం, దిమ్మె అంచు ఒకే చదునులో ఉంటాయి కాబట్టి పొడవాటి తలుపు చట్రాన్ని కూడా నిలువునా వాటికి ఆనించి బిగించవచ్చు. పైన ఒక చివర చిన్న చదరపు కొయ్య పొడుచుకు వస్తుంది. చిత్రిక తోసే దిశలో పలక దానికి ఆనుతుంది.

ఆ కొయ్య దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. చిత్రిక పట్టేవాడి బలం ముందుకే పోతుంది. ముందు అడ్డు ఉంటే పలకను వేరే ఎవరూ పట్టుకోనక్కర్లేదు, తోపుడే దాన్ని పట్టి ఉంచుతుంది. పలక పక్కకు జారుతుంటే ఒక బద్ద చివర వి ఆకారంలో గాడి కోసి, ఆ గాడిని పలక వెనక మూలకు ఆనించి, బద్దను హోల్డ్‌ఫాస్ట్‌తో బిగిస్తారు. పలక ఇక ఎటూ కదలదు. ఖర్చు ఒక చెక్క ముక్క. బల్ల చివర వైస్ లేదని బాధపడేవాళ్లు ముందు ఇది చేసి చూడాలి.

రూబో దిమ్మె లాంటిది ఈ రోజు కొనాలంటే మాటలు కాదు. ఆ చిక్కు అప్పుడూ ఉండేది. దానికి ఇంగ్లండులో దొరికిన జవాబు 1812లో పీటర్ నికల్సన్ ప్రచురించిన పుస్తకంలో కనిపిస్తుంది. ఆ బల్ల పైపలకలు పలచనివే. కానీ ముందు, వెనక వెడల్పాటి పలకలను నిలువుగా నిలబెట్టి పైపలకకు బిగించారు. ఆ ముందు పలకకు వరుసగా బెజ్జాలు వేసి, మేకులు దూర్చి, పొడవాటి పలక కొసను వాటి మీద ఆనించేవారు.

ఇందులోని కిటుకు లెక్కకు అందేదే. పలక వంగకుండా నిలిచే శక్తి దాని లోతు ఘనంతో పెరుగుతుంది. లోతు రెట్టింపైతే గట్టిదనం 8 రెట్లు. అందుకే అంగుళం పలకను పడుకోబెడితే వంగుతుంది, నిలబెడితే దూలం అవుతుంది. మన ప్లైవుడ్ బల్లకు కూడా ఇదే సూత్రం. రెండు ప్లై ముక్కలను ఊరికే ఒకదాని మీద ఒకటి పేరిస్తే గట్టిదనం 2 రెట్లే. మధ్యలో ఫెవికాల్ నిండుగా పూసి, బరువులు పెట్టి అతికిస్తే 8 రెట్లకు దగ్గరగా వస్తుంది. జిగురు ఖర్చు చూసుకుని మేకులతో సరిపెట్టేవాళ్లు ఈ ఆరు రెట్లూ పోగొట్టుకుంటున్నారు.

ఊగుడికి మందు కూడా నికల్సన్ పలకలోనే ఉంది. బల్ల ఊగేది పైపలక వల్ల కాదు, కాళ్ల కీళ్ల దగ్గర. వెనకవైపు కాళ్ల మధ్య ఒక ప్లైవుడ్ పలకను మరమేకులతో, జిగురుతో బిగించేస్తే ఆ దిశలో ఊగుడు అక్కడితో సరి. ఇక బరువు. కింది అరలో కడప బండ పరిస్తే చాలు. 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంగుళం మందమున్న బండ 35 కిలోల పైమాటే. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ముక్కలైతే ఖర్చే లేదు.

పైపలకకు మంచి చెక్క కావాలంటే కొత్త టేకు వైపు చూడకండి. పాత ఇళ్లు కూల్చిన కలప అమ్మే అడితీలకు వెళ్లండి. దశాబ్దాల పాటు ఎండిన వేప, మద్ది దూలాలు దొరుకుతాయి. ఇక పెద్దగా వంకర తిరగవు. మేకులు మాత్రం అయస్కాంతంతో వెతికి తీయాలి, లేకపోతే చిత్రిక బ్లేడు పోతుంది. మాంసం కొట్లలో చింత మొద్దు ఎన్నేళ్లు కత్తి దెబ్బలు తింటుందో అందరికీ తెలుసు. చిన్న బల్లకు ఆ చింత దిమ్మె కూడా పనికొస్తుంది.

19వ శతాబ్దంలో వడ్రంగి బల్ల బడిలోకి వచ్చింది. స్వీడన్‌లో ఒట్టో సలోమన్ నడిపిన చేతిపనుల బోధన అనేక దేశాలకు పాకింది. ఇనుప వైస్‌లు ఫ్యాక్టరీల్లో పోతపోసి చవకయ్యాయి. మన పాలిటెక్నిక్‌లు, ఐటీఐలు, ఇంజినీరింగ్ కాలేజీల కార్పెంటరీ షాపుల్లో కనిపించే బరువైన బల్లలు ఆ వంశానివే. మొదటి ఏడాదిలో టేకు ముక్క మీద లాప్ జాయింటు కోసిన ప్రతి విద్యార్థీ ఆ వైస్ పట్టు ఎరుగును. ఇంట్లో బల్ల చేసుకోవాలన్న కోరిక చాలామందికి అక్కడే పుట్టి ఉంటుంది.

తర్వాతి మలుపుకు కారణం ఒక పాడైన కుర్చీ. దక్షిణాఫ్రికాలో పుట్టి ఇంగ్లండులో కార్ల డిజైనరుగా లోటస్ కంపెనీలో పనిచేసిన రాన్ హిక్‌మన్ 1961లో ఇంటికి బీరువా చేసుకుంటున్నాడు. బల్ల లేక మంచి కుర్చీ మీద పలక పెట్టి కోశాడు, కుర్చీ కూడా తెగింది. లోటస్ ఎలాన్ కారుకు రూపకల్పన చేసినవాడు ఈ చిన్న సమస్యను వదల్లేదు. మడతపెట్టగలిగే ఒక బల్ల తయారుచేశాడు. దాని పైభాగం రెండు పలకలు. ఆ రెండూ దగ్గరకు జరిగి వైస్ దవడలవుతాయి. రెండు చివర్లా వేర్వేరు పిడులు ఉండటం వల్ల ఏటవాలు చెక్కను కూడా పట్టుకుంటుంది. పనిముట్ల కంపెనీలు ఇది అమ్ముడు పోదని తిప్పి పంపాయి. స్టాన్లీ అయితే డజన్లలో పోతుందేమో గానీ వందల్లో పోదంది. హిక్‌మన్ తానే తయారుచేసి అమ్మాడు. చివరికి 1972లో బ్లాక్ అండ్ డెకర్ ఒప్పుకుంది, మరుసటి ఏడు భారీగా ఉత్పత్తి మొదలైంది. వర్క్‌మేట్ అన్న ఆ బల్ల ప్రపంచమంతటా కోట్లలో అమ్ముడుపోయింది. 2011లో హిక్‌మన్ కన్నుమూశాడు.

వర్క్‌మేట్ మీద నాకు గౌరవం ఉంది. అద్దె ఇంట్లో, మంచం కింద దాచుకోవలసినవాళ్లకు అది వరం. కానీ చిత్రిక పట్టడానికి అది తేలిక, తోసిన కొద్దీ ముందుకు జరుగుతుంది. పట్టును అద్భుతంగా సాధించిన ఆ బల్ల బరువును వదులుకుంది. మోసుకుపోవలసిన బల్లకు అది తప్పదు. ఒకచోట ఉండిపోయే బల్లకు ఆ లోటు ఎందుకు?

పాత బల్లల మీద మళ్లీ ఆసక్తి రేగడానికి ముఖ్య కారకుడు అమెరికన్ రచయిత క్రిస్టఫర్ ష్వార్జ్. 2007లో పనిబల్లల మీద పుస్తకం రాశాడు. రూబో బల్లను, నికల్సన్ బల్లను, తర్వాత జాల్‌బుర్గ్ రోమన్ బల్లను తిరిగి కట్టి, వాటి మీద పని చేసి చూశాడు. కట్టడాల్లో వాడే మామూలు పైన్ చెక్కతో కూడా గట్టి బల్ల అవుతుందని చేసి చూపించాడు. 2020లో వచ్చిన ఆయన బల్లల పుస్తకాన్ని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. మన దగ్గర యంత్రాల ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క పాత సామాను కొట్లలో దొరుకుతుంది. ముడులు చూసి, నిటారు బద్దలు ఏరుకుని, నిలువుగా పక్కపక్కన అతికించుకుంటే మూడంగుళాల దిమ్మె తయారవుతుంది.

పని మొదలుపెట్టే ముందు ఎత్తు చూసుకోండి. చిత్రిక ఎక్కువ పట్టేవాళ్లకు బల్ల, నిటారుగా నిలబడి చేయి వేలాడేస్తే చిటికెన వేలు చేతిని కలిసేచోటికి రావాలి. డైనింగ్ టేబుల్‌ను బల్ల చేసుకున్నవాళ్లకు కాళ్ల కింద దిమ్మలు కావలసి రావచ్చు. ఇక పాత ఇనుప వైస్ స్క్రాపు కొట్లో కనిపిస్తే తుప్పు చూసి వదిలేయకండి. పైతుప్పు కిరసనాయిలుకూ ఇనుప బ్రష్షుకూ పోతుంది. మర తిప్పి చూడండి. దవడ ముందుకూ వెనక్కూ సాఫీగా నడిచి, బిగించాక జారకపోతే, పోతలో పగులు లేకపోతే, ధర మాట్లాడి తెచ్చుకోండి.