మంచులో చిక్కిన బెల్జికా: ఒక వైద్యుని వివేకం

మంచు సముద్రాలలో భద్రత అనగానే దృఢమైన ఓడ, బలమైన యంత్రం స్ఫురిస్తాయి. నావికుల ఆరోగ్యం కూడా అంతే ముఖ్యమని బెల్జికా చరిత్ర చాటింది.

అద్రియాన్ ద గెర్లాష్ నాయకత్వాన 1897లో బెల్జియం నుండి బయలుదేరిన ఈ ఓడ, 1898 మార్చి నాటికి అంటార్కిటికా చెంత బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రంలో మంచు మధ్య బందీ అయింది. మే మధ్య నుండి రెండు నెలలకు పైగా సూర్యదర్శనమే లేదు. డబ్బా ఆహారమే ఆధారమైంది. నావికులలో నీరసం, కాళ్ల వాపు, స్కర్వీ లక్షణాలు కనిపించాయి. జూన్‌లో ఎమిల్ డాంకో హృద్రోగంతో మరణించాడు.

ఓడలోని వైద్యుడు ఫ్రెడరిక్ కుక్ అంతకుముందు గ్రీన్‌లాండ్‌లో ఇన్యూట్ ప్రజల ఆహారాన్ని పరిశీలించినవాడు. తాజా పెంగ్విన్, సీల్ మాంసాన్ని అంతగా ఉడికించకుండా తినమన్నాడు. గెర్లాష్‌కు ఆ రుచి గిట్టలేదు. తీవ్రంగా జబ్బుపడిన కెప్టెన్ లెకోయింట్ మాత్రం తిని కోలుకున్నాడు. తరువాత గెర్లాష్ సైతం అంగీకరించాడు. రోగులను మండే పొయ్యి ఎదుట కూర్చోబెట్టడం, మంచుపై నడిపించడం కుక్ చికిత్సలో భాగాలు.

బలం పుంజుకున్న నావికులే రంపాలతో, పేలుడు పదార్థాలతో మంచులో కాలువ తీశారు. 1899 మార్చిలో ఓడ విముక్తమైంది.

తాజా మాంసంలో రక్షించినది విటమిన్ సి. దానిని శాస్త్రజ్ఞులు గుర్తించినది మరి మూడు దశాబ్దాల తరువాతనే. అధిక వేడికి అది నశిస్తుంది. మనకు ఉసిరి, జామ, నిమ్మ అందుబాటులోనే ఉన్నాయి. వాటిని పచ్చిగా తినడమే మేలు.