వేరుశనగ నూనె నుంచి ఈ-20 దాకా: పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా గుర్తొచ్చే పంటలు

జీవ ఇంధనాల మీద ప్రశ్న రాగానే మనలో చాలామంది 2018 జాతీయ విధానంతో మొదలుపెట్టి, పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ అనే లక్ష్యంతో ముగిస్తారు. అలా రాసినా మార్కులు వస్తాయి. కానీ ఈ కథ 2018లో మొదలవలేదు. ముడిచమురు కొరత వచ్చినప్పుడో, ధర మండినప్పుడో మన ప్రభుత్వాలకు చెరుకు, కానుగ, అడవి ఆముదం గుర్తొచ్చాయి. ధర దిగగానే మరుగున పడ్డాయి. మధ్యలో మొక్కలు నాటినవాళ్ల సంగతి ఏమైందో చూడకపోతే జవాబు సగమే రాసినట్టు.

1900 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. దీని వెనక ఫ్రెంచి ప్రభుత్వ ఆసక్తి ఉంది. దాని ఆఫ్రికా వలసల్లో వేరుశనగ విరివిగా పండేది, బొగ్గు, చమురు మాత్రం బయటి నుంచి తెచ్చుకోవాల్సిందే. ఇంజన్ సృష్టికర్త రుడాల్ఫ్ డీజిల్ కూడా నూనెగింజల భవిష్యత్తు మీద నమ్మకంతో మాట్లాడాడు. చౌక పెట్రోలియం వెల్లువలో ఆ ఊసే లేకుండా పోయింది.

మన దేశంలో అసలు ఒత్తిడి చక్కెర వైపు నుంచి వచ్చింది. 1932 చక్కెర పరిశ్రమ రక్షణ చట్టంతో జావా చక్కెరకు అడ్డుకట్ట పడింది. అప్పటికి ముప్పైకి కాస్త పైన ఉన్న మిల్లులు కొన్నేళ్లలోనే నూరు దాటాయి. చక్కెరతోపాటు మొలాసిస్ కూడా గుట్టలుగా మిగిలింది, దాన్ని ఎక్కడ పారబోయాలో తెలియలేదు. దాన్ని పులియబెట్టి పెట్రోల్‌లో కలిపే పవర్ ఆల్కహాల్ చేయవచ్చన్న ఆలోచన అలా బలపడింది. 1940లో యునైటెడ్ ప్రావిన్సెస్ ఇందుకు ప్రత్యేక చట్టమే చేసింది. గుర్తుంచుకోండి: మన దేశంలో ఇథనాల్ కథ మొదటి నుంచీ వాహనదారుడి అవసరంకన్నా మిల్లు అవసరంతోనే ఎక్కువగా ముడిపడి ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక అవసరం రోడ్డు మీదికి కూడా వచ్చింది. 1942లో బర్మా జపాన్ చేతికి చిక్కింది. వెళ్తూ వెళ్తూ బ్రిటిష్‌వాళ్లే యెనాంజ్యాంగ్ చమురు బావులను ధ్వంసం చేశారు. మనకు మిగిలిన సొంత చమురు ప్రధానంగా అస్సాంలోని దిగ్బోయ్‌ది, అది ఏ మూలకూ చాలదు. పెట్రోలుకు రేషన్ పెట్టారు. మన పెద్దవాళ్లు చెప్పే 'బొగ్గు బస్సు' అప్పటిదే. బస్సు వెనక పీపాలాంటి కొలిమి, అందులో కట్టెబొగ్గు. క్లీనరు చేత్తో ఫ్యాను తిప్పి గ్యాసు పుట్టించాక గానీ ఇంజన్ కదిలేది కాదు. ఎత్తు ఎక్కాల్సి వస్తే జనం దిగి నెట్టాల్సిందే. కట్టెబొగ్గు కూడా చెట్టు నుంచి వచ్చిందే కాబట్టి, సామాన్య ప్రయాణికుడు ఎరిగిన తొలి జీవ ఇంధనం ఇదేనని నేనంటాను. పాఠ్యపుస్తకాలు దీన్ని ఎందుకు వదిలేస్తాయో తెలియదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో భారత పవర్ ఆల్కహాల్ చట్టం చేశారు. అయితే గల్ఫ్ చమురు చౌకగా దొరకడం మొదలైంది. ఆల్కహాల్‌కు రసాయన పరిశ్రమలు, సారాయి బట్టీలు మంచి గిరాకీదారులయ్యాయి. వాడుక లేని ఆ చట్టాన్ని 2000లో రద్దు చేశారు. పాలిటీ చదివేవాళ్లకు ఇక్కడ ఒక ముడి ఉంది. మత్తు పానీయాలు రాష్ట్ర జాబితాలోని 8వ అంశం, రాష్ట్రాల ఖజానాకు ప్రాణం. పారిశ్రామిక ఆల్కహాల్ కూడా అందులోకి వస్తుందా అన్న తగవు 2024 అక్టోబరులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం రాష్ట్రాల పక్షాన తీర్పు ఇచ్చేదాకా నడిచింది.

1973 అక్టోబరు యుద్ధం తర్వాత బ్యారెల్ ధర మూడు డాలర్ల చుట్టుపక్కల నుంచి కొద్ది నెలల్లో పదకొండు దాటింది. బ్రెజిల్ 1975లో ప్రో-ఆల్కూల్ పథకం పెట్టి చెరుకు పొలాల వైపు నడిచింది. 1979 నాటికి పూర్తిగా ఇథనాల్‌తో నడిచే ఫియట్ కార్లు అక్కడ మార్కెట్లోకి వచ్చాయి. మనం సముద్రం వైపు వెళ్లాం. 1974లో బాంబే హై దొరకడంతో పంటల ఆలోచన మరో పాతికేళ్లు వాయిదా పడింది. ఎంచుకున్న దారి తప్పని నేను అనను. తిండిగింజలకే అమెరికా ఓడల కోసం ఎదురుచూసిన దశాబ్దం అప్పుడే ముగిసింది. ఆ దేశం పొలాన్ని ఇంధనానికి ఎలా ఇస్తుంది?

1991 నాటి విదేశీ మారక సంక్షోభంలో గల్ఫ్ యుద్ధపు చమురు ఖర్చు వాటా ఎంతో మీకు తెలుసు. ఆ భయం ఇంకా వదలకముందే, 1996లో తమిళనాడుకు చెందిన రామర్ పిళ్లై ఆకుపసరుతో నీటిని పెట్రోలుగా మారుస్తానని ముందుకొచ్చాడు. పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి, శాస్త్రవేత్తల ముందు ప్రదర్శనలు జరిగాయి. చివరికి అది మోసమని తేలింది. సీబీఐ కేసులో 2016లో చెన్నై కోర్టు అతనికి మూడేళ్ల శిక్ష వేసింది. నవ్వుకోవడం తేలికే. కానీ 51ఎ(హెచ్) లోని శాస్త్రీయ దృక్పథానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ వెతకనక్కర్లేదు. దేశం ఎంతగా ఆశపడి ఉంటే అంతమంది నమ్ముతారు!

ఇక అసలు ఘట్టం. 2002 ఏప్రిల్‌లో ప్రభుత్వం చమురుకు పాలిత ధరల విధానాన్ని లాంఛనంగా ఎత్తేసింది. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ 2011-12 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలంది. అందుకు కోటి హెక్టార్లకు పైగా అడవి ఆముదం, అంటే జట్రోఫా, వేయాలని లెక్క కట్టింది. బంజరులో పెరుగుతుంది, పశువు ముట్టదు, నీరు అక్కర్లేదు అని ప్రచారం. రాష్ట్రపతి అబ్దుల్ కలాం కూడా దాన్ని ప్రోత్సహించారు. మొక్క బతకడానికి నీరు అక్కర్లేదన్నది నిజమే, కాయ కాయడానికి మాత్రం కావాలి. మూడు నాలుగేళ్లు ఆగిన రైతుకు చారెడు గింజలు దక్కాయి. పిండి విషం కాబట్టి గొడ్లకు పెట్టడానికీ పనికిరాదు.

ధర సంగతి ఇంకా అన్యాయం. 2006 జనవరి నుంచి చమురు కంపెనీలు లీటరు బయోడీజిల్‌ను 25 రూపాయలకు కొంటాయన్నారు. తయారీ ఖర్చే అంతకు మించింది. కాగితం మీద నియంత్రణ పోయినా డీజిల్ ధరను ప్రభుత్వం 2014 అక్టోబరు దాకా రాయితీతో తొక్కిపట్టింది. ఒక చేత్తో మొక్క నాటమని చెప్పి, రెండో చేత్తో దాని పోటీదారుకు సబ్సిడీ ఇస్తే రైతు ఎక్కడ నిలబడతాడు? వేసినవాళ్లు పీకేశారు, కొన్నిచోట్ల అవి కంచెలుగా మిగిలాయి.

మన దగ్గర కానుగ కాస్త మెరుగ్గా నిలిచింది. ఆకు వరిమడికి ఎరువు, నూనె దీపానికి అని ముందే ఎరిగిన చెట్టది. ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో ఆదివాసీ మహిళా సంఘాలు కానుగను పెంచి, 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన తగ్గింపును 2003లో ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మాయి. మొత్తం చిన్నది, అయినా కోటి హెక్టార్ల కలకన్నా ఆ 645 డాలర్లే గట్టి లెక్క.

బయోడీజిల్ పడిపోయినచోట ఇథనాల్ నిలబడింది. కారణం మళ్లీ మిల్లులే. 2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌తో సహా తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతం కలపడం మొదలైనా, చెరుకు దిగుబడి పడిపోగానే ఆగింది. 2013-14లోనూ 1.53 శాతమే. 2014 డిసెంబరులో ప్రభుత్వమే లీటరుకు 48.50 నుంచి 49.50 రూపాయలుగా కొనుగోలు ధర ప్రకటించింది. చెరుకు బకాయిలతో సతమతమవుతున్న మిల్లులకు గ్యారంటీ గిరాకీ దొరికింది. 2022 జూన్‌కు 10 శాతం, 2025కు 20 శాతం. 2030 లక్ష్యం ఐదేళ్లు ముందే చేరింది.

మరి బంకులో నిలబడిన మనిషికి ఏం దక్కింది? 2014 నవంబరు నుంచి 2016 జనవరి మధ్య ముడిచమురు కూలిపోతుంటే ఎక్సైజ్ సుంకాన్ని తొమ్మిదిసార్లు పెంచారు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలుకన్నా దాదాపు మూడో వంతు తక్కువ. ఈ-20కి తయారుచేయని పాత కార్లలో మైలేజీ 6-7 శాతం, ద్విచక్ర వాహనాల్లో 3-4 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. అప్పట్లో ఇథనాల్ పెట్రోలుకన్నా చౌక. 2025 జులై నాటికి సగటు కొనుగోలు ఖర్చు 71.32 రూపాయలకు చేరి, శుద్ధి చేసిన పెట్రోలును మించిందని ఆ శాఖే వివరణ ఇచ్చింది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మాలన్న పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. విదేశీ మారకం ఆదా అయిందన్నది నిజం. ఆ ఆదా వాహనదారుడి జేబుకు చేరలేదన్నదీ నిజం. జవాబులో రెండూ రాయండి.

2023లో వానలు తగ్గడంతో డిసెంబరులో చెరుకు రసం నుంచి ఇథనాల్ తీయడంపై కేంద్రం ఆంక్షలు పెట్టింది. భారం మొక్కజొన్న మీదికి మళ్లింది. ఏటా ఎగుమతి చేసే మొక్కజొన్నను 2024లో మనమే దిగుమతి చేసుకున్నాం, కోళ్ల దాణా ధర పెరిగిందని ఫారాలవాళ్లు గొడవపెట్టారు. అదే ఏడాది నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ ఊళ్లకు ఊళ్లు జాతీయ రహదారి మీద బైఠాయించాయి. పనులు ఆపించిన తర్వాతే వాళ్లు ఇళ్లకు వెళ్లారు.